ఖాళీ గిన్నెల మోత

దారికి కట్టిన రాళ్ళ అడ్డు పక్కన స్తంభానికి కట్టేసి ఫ్రిట్స్‌నెల్‌ని చితకబాదుతున్నారు. కొట్టేది ముఠావాళ్ళు కాదు, పేట కాపలావాళ్ళే. అతని అక్క ఇస్మనీ నెత్తిన గిన్నెతో అలాగే నిలబడిపోయింది. ఆ పూట కాపలావాళ్ళకు వండి తేవడం ఆమె ఇంటి వంతు. మొక్కజొన్న నూక, చిక్కుళ్ళు. సొంత పిల్లలకు కూడా అంత వడ్డించలేదు.

కొండ కింది ముఠా దాడులకు జడిసి పోలీసులు ఠాణాకు తాళం వేసి పారిపోయాక, పోర్ట్-ఓ-ప్రెన్స్ నగరంలోని ఈ కొండపేట జనమే రాళ్ళు మోసి ఈ అడ్డు కట్టుకున్నారు. సభ పెట్టి కాపలాకు కుర్రాళ్ళను ఎన్నుకున్నారు. నాయకుడిగా ఒరెలూస్‌కు చెయ్యెత్తినవాళ్ళలో ఇస్మనీ కూడా ఉంది.

"మా తమ్ముడేం చేశాడ్రా?"

"ముఠాకి కబుర్లు మోస్తున్నాడక్కా," అన్నాడు ఒరెలూస్.

"అబద్ధం!" ఫ్రిట్స్‌నెల్ నెత్తురు ఉమ్మాడు. "సెనేటరు లారీని సోదా చెయ్యకుండా ఎందుకొదిలారని అడిగానక్కా. దాన్నిండా తుపాకులే. కింద ముఠాకే పోతున్నాయి."

ఫ్రిట్స్‌నెల్ మెడలో వేసి తగలబెట్టడానికి ఒకడు పాత టైరు దొర్లించుకొచ్చాడు. ఇంకొకడి చేతిలో పెట్రోలు. మూడోవాడు ఇవేవీ పట్టనట్టు గిన్నె కోసం చెయ్యి చాచాడు. ఇస్మనీ గిన్నె వెనక్కి లాక్కుంది. ఛీ, ఇన్నాళ్ళూ వీళ్ళనా మేపింది!

గిన్నె మట్టిలో బోర్లించింది. రాయి తీసుకుని దాని మీద బాదడం మొదలుపెట్టింది. ముఠా వస్తే ఖాళీ గిన్నె మోగించాలి, విన్నవాళ్ళంతా పరిగెత్తుకు రావాలి. అది పేట కట్టుబాటు.

"ముఠా ఎక్కడుందే, పిచ్చిదానా?" అరిచాడు ఒరెలూస్.

"నా ఎదురుగానే ఉంది కదరా!"

ఇంటింటా గిన్నెలు మోగాయి. సందులన్నీ నిండిపోయాయి. "వాడు నిజంగానే వేగులవాడైతే?" అన్నాడొక ముసలాయన.

"అయితే సభ తేలుస్తుంది," అంది పక్కింటి క్లోతిల్డ్. "వీళ్ళను పెట్టింది సభేగా! తీసేద్దామనేవాళ్ళు చేతులెత్తండి."

చేతులు లేచాయి. ముసలాయన చెయ్యి అన్నిటికంటే ఆలస్యంగా లేచింది. టైరు తెచ్చినవాడే తలొంచుకుని కట్లు విప్పాడు.

అప్పుడొచ్చింది పోలీసు జీపు. ముఠా ఇళ్ళు తగలబెట్టినప్పుడు రాని జీపు, ఒరెలూస్ ఒక్క ఫోను చెయ్యగానే వచ్చింది. శాంతిభంగమట! సిగ్గులేని మాట. ఇస్మనీని జుట్టు పట్టి లోపలికి తోశారు.

జీపు తిరుగుముఖం పట్టేసరికి అడ్డు మూసి ఉంది. దాని ముందు ఆడవాళ్ళు గిన్నెలతో బైఠాయించారు.

"తెరవండే!" అరిచాడు అధికారి.

క్లోతిల్డ్ లేచి తలగుడ్డ బిగించింది. "ఇక్కణ్ణుంచి ఏ బండి కదిలినా సోదా చెయ్యాల్సిందే. ముందు మా మనిషిని దించండి. తర్వాత మీరు దిగండి."