ప్రసాదం కాదనకూడదు

వెంకటరత్నం దారి అడిగే మనిషి కాదు. యాభై రెండేళ్ళొచ్చినా ఒక్కసారి కూడా ఎవరినీ దారి అడగలేదని ఆయనకి గర్వం. ఎన్నిసార్లు తప్పిపోయాడో చెప్పమంటే మాత్రం కాకినాడలో ఆయన భార్యని అడగాలి. అలాంటి మనిషిని కంపెనీ వాళ్ళు ఉర్లాలో కొత్త మిల్లుకి మోటార్లు బిగించమని రాయపూర్ పంపారు. బీర్‌గావ్‌లో గది, ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో తిండి. ఛత్తీస్‌గఢ్‌లో అన్నానికి కరువు లేదు, అందులో కలుపుకోవడానికే కరువు. ఆరు వారాలుగా అదే ఆలూ కూర, అదే పల్చటి పప్పు. నాలుక చచ్చిపోయిందని రోజూ ఫోన్లో మొత్తుకునేవాడు.

ఇలా ఉండగా మంగలి షాపులో సత్తిరాజు దొరికాడు. కత్తి చెవికి తగిలి వెంకటరత్నం "ఓరి నీ దుంప తెగ!" అని అరిస్తే, పక్క కుర్చీలో నురగ మొహంతో ఉన్న పెద్దమనిషి "మనోళ్ళేనేటి?" అంటూ లేచి వచ్చేశాడు. రైల్వేలో రిటైరై మోవాలో, నీళ్ళ ట్యాంకు వెనక నీలం గేటు ఇల్లు కట్టుకున్న విజయనగరం మనిషి. అక్కడికక్కడే భార్య అప్పలనరసమ్మకి ఫోను కలిపి చేతికిచ్చాడు.

"ఆదివారం శ్రీరామనవమి కదా అన్నయ్యగారూ, మధ్యాన్నం భోజనానికి మా కాడికి వచ్చీండి. గోంగూర పచ్చడి నూరతాను," అందావిడ. ఆ తర్వాత పందిరి గురించి కూడా ఏదో చెప్పింది గాని, గోంగూర మాట విన్నాక వెంకటరత్నం చెవులు పనిచేయడం మానేశాయి.

ఆదివారం దారి తప్పితే బతుకు వృథా అనుకుని శనివారమే ఇల్లు చూసి రావడానికి బయల్దేరాడు. అడగడు కదా, కనబడ్డ షేర్ ఆటో ఎక్కేశాడు. అది తీసుకెళ్ళి తెలీబంధా చెరువు దగ్గర దింపింది. మోవా ఈ గట్టుకి అవతలే ఉంటుందని తనకి తనే నిర్ణయించుకుని చెరువు చుట్టూ రెండుసార్లు నడిచాడు. మూడో చుట్టులో చెప్పు తెగింది. అప్పుడు రాజేష్ అనే ఆటోవాలా జాలిపడి బీర్‌గావ్ చేర్చాడు. "రేపు నువ్వే మోవా తీసుకెళ్ళాలి," అని ఒప్పందం చేసుకుని, ఆ పూటనుంచే కడుపు ఖాళీ పెట్టాడు మన వీరుడు.

ఆదివారం పదకొండింటికి ఆటో బయల్దేరింది. నిండా పది నిమిషాలు కాలేదు, కాషాయం తలపాగాలు చుట్టుకున్న నలుగురు అడ్డంగా నిలబడ్డారు. నవమి భండారా! దారినపోయే వాళ్ళందరికీ పూరీలు, గుమ్మడికాయ కూర, హల్వా. వెంకటరత్నం చేతులు జోడించి వద్దన్నాడు. రాజేష్ మొహం మాడ్చుకున్నాడు.

"ప్రసాద్ కో మనా నహీ కర్తే, కాకా!"

ప్రసాదం కాదనకూడదట. అంత మాటన్నాక ఏం చేస్తాడు? ఒక్క పూరీ అన్నాడు, ఆరు వేశారు. వదిలేస్తే పాపమని రాజేష్ పక్కనే నిలబడి తినిపించాడు.

రెండో కూడలిలో శనగలు, షర్బత్. వంగి గ్లాసు ముంచుకుంటుంటే జేబులో ఫోను జారి షర్బత్ డ్రమ్ములో మునిగింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి తీశాడు. ఫోను చచ్చిపోయింది. వరసలో వెనకున్నవాళ్ళు ఆ షర్బత్తే తాగి జైశ్రీరామ్ అన్నారు. మూడో చోట ఒక ముసలమ్మ మాట్లాడే అవకాశం కూడా ఇవ్వకుండా నోట్లో లడ్డూ కుక్కి, దోసిట్లో కిచిడీ పోసింది. వెంకటరత్నానికి ఏడుపొచ్చింది. గోంగూర కోసం అట్టేపెట్టిన కడుపు అంగుళం అంగుళం ఆక్రమణ అయిపోతోంది.

మోవా మలుపులో నాలుగో పందిరి కనపడగానే ఇక తట్టుకోలేకపోయాడు.

"ఆపావంటే దూకేస్తా!" అని తెలుగులోనే అరిచి, తువ్వాలు మొహం మీదికి కప్పుకున్నాడు. రాజేష్‌కి భాష తెలియకపోయినా భయం తెలిసింది, ఆటో ఉరికించాడు. పసుపు చీర కట్టుకున్న ఒకావిడ గరిటె ఊపుతూ, ఏదో కేకేస్తూ వెంటపడింది. మైకుల హోరులో ఒక్క ముక్క వినపడలేదు. ఈవిడ హల్వా ఆటోలోకే విసిరేలా ఉందని తల ఇంకాస్త దించుకున్నాడు.

నీళ్ళ ట్యాంకు వెనక నీలం గేటు. దొరికింది! తాళం వేసి ఉంది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదేననుకుని మెట్టు మీద కూలబడ్డాడు. రాజేష్ గేటు పక్కన ఆటో ఆపుకుని అందులోనే కునుకు తీశాడు. ఫోను చేద్దామంటే నంబరున్న ఫోనులోంచి షర్బత్ కారుతోంది. గంట గడిచాక ఆ పసుపు చీరావిడే చంకలో బేసిన్‌తో వచ్చింది. వెనక పెద్ద గిన్నెతో సత్తిరాజు.

"ఓలమ్మ! తువ్వాలు కప్పుకుని పారిపోనాది మీరా అన్నయ్యగారూ? పందిట్లోకే తిన్నగా రమ్మని చెప్పినాను కదేటి! అన్ని ఫోన్లు కొట్టినాను, స్విచ్ ఆఫ్!"

"పచ్చడి?" అన్నాడు వెంకటరత్నం. బేసిన్‌లోకి తొంగి చూశాడు.

"అక్కడే వడ్డించీసినాం. ఇక్కడోళ్ళు బహుత్ బఢియా అని మూడేసి మార్లు వేయించుకున్నారు. అయిపోనాది బాబూ," అన్నాడు సత్తిరాజు.

వెంకటరత్నం సిగ్గు విడిచి ఏడ్చాడు. యాభై రెండేళ్ళ మనిషి, కడుపునిండా పూరీలతో, పచ్చడి కోసం ఏడ్చాడు. అప్పలనరసమ్మ తాళం తీసింది. కుక్కర్ పెట్టి, ఆవిర్లు కక్కే అన్నం తెచ్చి ఖాళీ బేసిన్‌లో వేసింది. నువ్వులనూనె పోసి, అడుగునా అంచులకీ అంటుకున్న పచ్చడినంతా తుడుస్తూ కలిపి, ముద్ద చేసి చేతిలో పెట్టింది. చిన్నప్పుడు రోట్లో అన్నం కలిపి అమ్మ పెట్టిన ముద్దే అది. పులుపు నాలుకకి తగలగానే ఆరు వారాల బెంగ గొంతు దిగిపోయింది. ఎక్కడ చోటు దొరికిందో గాని, ఏడు ముద్దలు తిన్నాడు.

ఎనిమిదోదే ఆఖరిది. నోటిదాకా వచ్చింది. గుమ్మంలో ఎవరో దగ్గారు. రాజేష్, చెయ్యి చాపి నవ్వుతున్నాడు.

"ప్రసాద్, కాకా?"

అయిపోయిందని అబద్ధమాడదామనే అనుకున్నాడు వెంకటరత్నం. ముద్ద చేతిలోనే ఉంది, నూనె మోచేతి దాకా కారుతోంది. పైగా పండగపూట. నిట్టూర్చి ముద్దని రెండుగా విరిచాడు. పైనుంచి రాముడు చూస్తున్నాడని తెలిసి కూడా పెద్ద ముక్క తనే ఉంచుకున్నాడు.