గరుకమ్మ బూట్లు విప్పిన మధ్యాహ్నం

మధ్యాహ్నం మూడున్నర. సన్నగా తుంపర పడుతోంది.

రన్‌వే కడిగే జట్టులో ఆవిడని గరుకమ్మ అంటారు. వట్టికాళ్లతో ఎక్కడ అడుగేస్తే అక్కడ నేల గరుకెక్కుతుంది, దాని మీద ఎవరూ జారరు. ఇంట్లో గచ్చంతా అంతే. "నిన్ను కట్టుకున్న పాపానికి నెలకో జత చెప్పులు అరుగుతున్నాయే," అని మొగుడు సణుగుతాడు. పనిలో మాత్రం బూట్లు విప్పకూడదు. రూలు.

విమానాలు దిగేచోట టైర్ల రబ్బరు నల్లగా అంటుకుపోతుంది. దాన్ని కరిగించే సబ్బునీళ్లు పోసి, బ్రష్షుబండితో రుద్ది, మంచినీళ్లతో కడగాలి. ఆ రోజు రుద్దడం అయ్యేసరికి చినుకు మొదలైంది. "వాన కడిగేస్తుందిలే," అని మేస్త్రీ నీళ్ల ట్యాంకరుని పంపించేశాడు. ఆవిడా ఊరుకుంది. తుంపర కడగలేదు. నురగ లేపింది.

అప్పుడే వైర్‌లెస్ పలికింది. మబ్బుల వల్ల ఎక్కడా దిగలేకపోయిన విమానం ఒకటి పది నిమిషాల్లో ఇక్కడ దిగుతుంది. ఇంక తిరగడానికి ఇంధనం లేదు. నంబరు వినగానే ఆవిడకి తెలిసిపోయింది, అందులో తన మొగుడు, అత్తగారు, ఆపరేషన్ చేయించుకుని వస్తున్న కూతురు ఉన్నారు.

"ట్యాంకరు రావాలంటే పావుగంట," అన్నాడు మేస్త్రీ.

ఆవిడ బూట్లు విప్పింది.

"ఎంతని నడుస్తావమ్మా? అర కిలోమీటరుంది నురగ!"

"తెలుసన్నా."

ఎడమ చక్రాలు వచ్చే దారిన పరుగులాంటి నడకతో కొసదాకా పోయింది. కుడి దారిన వెనక్కి తిరిగింది. సగానికి వచ్చిందో లేదో, సైరన్ మోగింది. మేస్త్రీ జీపులో వచ్చి జబ్బ పట్టుకుని లాగేశాడు.

"ఒక్క పక్కే పట్టుంటే తిరగబడుతుందన్నా, వదులు!"

వదల్లేదు.

విమానం దిగింది. ఎడమ చక్రాలు పట్టాయి. కుడివి జారాయి. ముక్కు పక్కకి తిరిగిపోతోంది. కళ్లు మూసుకుందామన్నా రెప్ప వాలలేదు ఆవిడకి. సగం దూరాన, ఆవిడ ఆఖరి అడుగు పడ్డచోట, కుడి చక్రం నేలని కరిచిపట్టింది. విమానం గడ్డిలోకి పోయి, ఒరిగి, ఆగింది.

కాపలావాళ్లు దగ్గరికి ఎవరినీ పోనివ్వలేదు. "మావాళ్లున్నారు బాబూ," అంటే, "అందరివాళ్లూ ఉన్నారమ్మా, ఇంటికెళ్లండి," అన్నారు.

వెళ్లింది. గుమ్మంలో నిలబడింది. చీకటి పడుతుండగా కారు ఆగింది.

"ఈ వయసులో నన్ను విమానంలోంచి జారుడుబల్ల మీద దింపారే!" అంటూ అత్తగారు. ఒకరు. కుట్లు అదిమిపట్టుకుని కూతురు. ఇద్దరు. వెనకాల, కూతురి భుజం పట్టుకుని, మొగుడు. ముగ్గురు.

తలుపేసి, మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టింది.