రోజుకొకటి

"మేడం, మీ మెసేజ్‌ల చెప్పినట్టే అమ్మకు రోజూ గోలీ ఏస్తున్నం. నోరంత పుండ్లయినయి. నీళ్లు గూడ మింగుతలేదు. జర సార్‌ను అడగుండ్రి."

ఫోన్‌లో అంజమ్మ కొడుకు నరేష్‌కుమార్ పంపిన ఆ మాటలను అమల రెండోసారి వింది. రోజూనా?

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ కీళ్లనొప్పుల క్లినిక్‌లో రోగులకు తెలుగులో వాయిస్ మెసేజ్‌లు పంపే పని ఆమెది. అందుకు రెండు ఏఐ మోడళ్లున్నాయి. అపాయింట్‌మెంట్ గుర్తుచేయడానికి వాడేది అడగ్గానే తియ్యటి తెలుగులో చెప్పేస్తుంది. డాక్టరు ఇంగ్లీషులో రాసిన మందుల వివరాలకు వాడేది నిదానం; ప్రతి మాటా సరిచూసుకుని గానీ ఇవ్వదు. కిందటి సోమవారం క్లినిక్ మెట్లదాకా జనం. నిదానందాని కోసం ఆగలేక, మందుల మెసేజ్‌లన్నీ తొందరదానికే ఇచ్చేసింది. ఒక్కటీ వినకుండా పంపేసింది.

అంజమ్మకు పంపిన మెసేజ్ ఇప్పుడు వింది. 'సోమవారం నుంచి రోజుకొకటి వేసుకోండి.' డాక్టరు రాసింది సోమవారం సోమవారం, వారానికొకటి.

తలుపు తట్టకుండానే డాక్టర్ శ్రీరామమూర్తి గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కుర్చీలోంచి లేచారు.

"ఆ మందు రోజూ పడితే రక్తకణాలు పడిపోతాయమ్మా. ఇంకొక్కటి లోపలికి పోకూడదు. వాళ్లింటి దగ్గరి ఆస్పత్రికి నేను చెబుతాను, నువ్వెళ్లి ఆవిణ్ణి అక్కడ చేర్పించు."

నరేష్‌కుమార్ ఫోన్ ఎత్తలేదు. అతను పనిచేసే చీరల షాపులో గిరాకీ వేళ. ఆటో అయితే కొత్తపేటలో ఇరుక్కుంటుందని అమల మెట్రో ఎక్కింది. స్టేషన్ స్టేషన్‌కీ ఫోన్ చేస్తూనే ఉంది. వాళ్ల ఇల్లున్న ఎల్బీనగర్‌లో దిగుతుండగా అతను ఫోన్ ఎత్తాడు.

"గోలీ ఆపేయండి! అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లాలి, మీరూ రండి!"

ఇంట్లో అంజమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లు కాలిపోతోంది.

"ఇయ్యాల గోలీ వేసుకున్నారామ్మా?"

"గిప్పుడే ఏసుకున్న బిడ్డా. మీరే చెప్తిరి గద."

అమల గోలీల పట్టీ తీసి తన సంచిలో వేసుకుంది. పక్కింటివాళ్ల సాయంతో ఆమెను ఆటో ఎక్కించింది.

ఆస్పత్రిలో విరుగుడు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. తెల్లకణాలు బాగా తగ్గాయని, రెండు మూడు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమని అన్నారు. వరండాలో అమల జరిగింది చెప్పగానే నరేష్‌కుమార్ ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏందమ్మా ఇది? మిషన్ చెప్పిందని మా అమ్మ పానంతోటి ఆడుకుంటరా?"

"మందుల సంగతి చూసే మోడల్ వేరే ఉందండీ. తొందరలో దాన్ని పక్కనపెట్టి వేరేదానికి ఇచ్చాను. వినకుండా పంపాను. తప్పు నాదే."

అతను తల్లి మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. అమల అక్కడే కూర్చుని ఆ సోమవారం పంపిన మందుల మెసేజ్‌లన్నీ వింది. ప్రతి ఇంటికీ ఫోన్ చేసింది. ఇంకెక్కడా తప్పు లేదు.

మూడోరోజు కణాలు పెరగడం మొదలైంది. వారం దాటాక అంజమ్మ గంజి తాగింది. ఆమెను ఇంటికి పంపేముందు డాక్టరు మందు మార్చారు.

"గా మెసేజ్‌ల గొంతు నీదేనా?" అని అంజమ్మ అమలను అడిగింది.

"కాదమ్మా, మిషన్‌ది."

"అయితే గీ మందు నువ్వే చెప్పు. నీ నోటితోని."

అమల మంచం పక్కన కూర్చుని చెప్పింది. అంజమ్మ తల అడ్డంగా ఊపింది.

"మల్ల చెప్పు. మెల్లగ."