లక్కలో పసుపు

మహర్నవమి రోజు పొద్దున్న మా ఆయన కాఫీ కలిపి తెచ్చి నా చేతికిచ్చాడు. నా అనుమానం అక్కడే మొదలైంది. పెళ్ళయినప్పట్నుంచీ ఆయనకి వంటింట్లో తెలిసిన దారి ఫ్రిజ్ దాకానే. మంచినీళ్ళు కావాలన్నా సోఫాలోంచి కేకే. అలాంటి మనిషి పాలు పొంగకుండా కాచి, గ్లాసు కింద సాసరు పెట్టి మరీ తెచ్చాడు. "బాగుందా?" అని ఎదురుగా కూర్చున్నాడు. పాయసంలా ఉంది. బాగుందన్నాను. నాది మందుల తనిఖీ ఉద్యోగం, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ని. తనిఖీకి వెళ్ళినచోట కొత్తగా సున్నం వేసిన గోడ కనిపిస్తే మేం ముందు ఆ గోడనే తట్టి చూస్తాం. ఇంట్లో మాత్రం తట్టకూడదని ఎక్కడుంది? ముందు నాకు తోచింది ఆడవాళ్ళందరికీ తోచేదే. చొక్కాలు నానబెట్టేటప్పుడు జేబులు ఇంకో రెండుసార్లు వెతికాను. ఏమీ లేదు. ఆడమనిషైతే నయమే అనుకునే రోజు వస్తుందని అప్పుడు నాకు తెలీదు.

అసలు సంగతి ముందురోజుది. పంజాగుట్టలో ఒక పిల్లల నర్సింగ్ హోమ్ ఉంది. అక్కడి నర్సు ఉమైరా నాకు ఫోన్ చేసి రమ్మంది. వెళ్తే వరసగా నాలుగు మంచాల దగ్గర నిలబెట్టింది. "మేడం, జర ఈ పిల్లగాని చెయ్యి సూడుర్రి. సూది పెట్టిన కాడ ఎట్ల ఉబ్బిందో! గీ కొత్త డబ్బాలొచ్చినప్పటి సంది ఇదే లొల్లి. పక్క మంచం పాపకు సుత చీము పట్టింది. డాక్టర్ సాబ్‌కు చెప్తే మేమే చేతులు కడుగుతలేమంటుండు" అంది. సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టి ఉంచే ప్లాస్టిక్ సూది, కాన్యులా అంటారు. కిందటేడే దాన్ని మందుల చట్టం కిందికి తెచ్చారు, కాబట్టి అది నా పని. ఆ పాప చెయ్యి నా బొటనవేలంత. అది పూరీలా ఉబ్బి ఉంది. ఏడవడానికి ఓపిక లేక ఊరికే నా వంక చూస్తోంది. డబ్బా తీసి ఒక పౌచ్ వెలుతుర్లో పెట్టాను. మిషన్‌తో అతికిస్తే అంచు వెంబడి సన్నటి గళ్ళు పడతాయి. ఇది నున్నగా ఉంది, మూల దగ్గర కాస్త మాడింది. ఎక్కడో ఎవరో ఇస్త్రీ పెట్టెతో నొక్కారు. రోజూ మా ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసేది నేనే, పెట్టె వేడి ఎక్కువైతే గుర్తు ఎలా పడుతుందో నాకొకరు చెప్పాలా! అంటే ఒకసారి వాడి పారేసినవి ఏరి, కడిగి, మళ్ళీ ప్యాక్ చేస్తున్నారు. అది నా అనుమానం. రుజువు కావాలంటే ల్యాబ్ చెప్పాలి.

సరుకు సప్లై చేసేవాడి గోడౌన్ అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో. కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఎండ కూడా పడనివ్వనంతగా వేలాడుతుంటాయి, వాటి కింద షట్టరు. యజమాని వీర్రాజు నన్ను చూసి లేచి కుర్చీ లాగాడు. "మీరు వంశీకృష్ణ గారి మిసెస్ కదండీ? మన భీమవరం వైపు వాళ్ళేనంటగా! ముందు కూల్‌డ్రింక్ తాగండమ్మా" అన్నాడు. "నేను ఇన్‌స్పెక్టర్నండీ" అన్నాను. "అదేనండీ, అదే" అని నవ్వాడు. ఆ నవ్వు నా వెన్నులో పాకింది. శాంపిల్ తీసి, రూలు ప్రకారం మూడు పొట్లాలు కట్టి, దారం చుట్టి, లక్క కరిగించి నా ఇత్తడి సీలు నొక్కాను. ఒకటి అతనికి, ఒకటి ల్యాబ్‌కి, ఒకటి కోర్టుకి. ఆ సీలు మా శాఖ నాకిచ్చింది. దాని మీద అచ్చు నా ఒక్కదానిదే. అది పడ్డాక పొట్లంలో ఉన్నది మార్చడానికి దేవుడికి కూడా హక్కు లేదు.

ఆఫీసుకి వచ్చేసరికి స్టోర్ తాళం వేసి గుమాస్తా పండక్కి బస్సెక్కేశాడు. మా పై అధికారి కామరాజు గారు బ్యాగు సర్దుకుంటూ, "ఇంటికి పట్టుకెళ్ళమ్మా, పండగ వెళ్ళాక ల్యాబ్‌కి పంపుదువుగాని. ఆడవాళ్ళ చీరల బీరువా కంటే భద్రమైన చోటుంటుందా" అన్నారు. తప్పని నాకు తెలుసు. కాగితం మీద రాసివ్వమని అడిగి ఉండాల్సింది. ఆయన అప్పటికే లిఫ్ట్‌లో ఉన్నారు. ఇంటికొచ్చి, పై అధికారి మాటేనని మా ఆయనకి చెప్పి, రెండు పొట్లాలూ బీరువాలో పెట్టాను.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన్ని అడిగాను, "వీర్రాజని అమీర్‌పేటలో సర్జికల్స్ హోల్‌సేలు, మీకు తెలుసా?" అని. "ఏ వీర్రాజు?" అని పప్పు కలుపుకున్నాడు. తల ఎత్తలేదు. కొంతకాలంగా ఈయన ఉద్యోగం మానేసి సొంతంగా సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటరు పెడతానంటున్నాడు. ఊళ్ళో అందరూ కంపెనీల్లో దూరిపోతుంటే తను మాత్రం ఒకడి కింద పాఠాలు చెప్పుకుంటూ బతకడమేంటని బాధ. మైత్రీవనం చుట్టుపక్కల ఒక ఫ్లోరు కోసం తిరుగుతున్నాడు. ఆ ఫ్లోరు ఎవరిదో నాకెప్పుడూ చెప్పలేదు. నేను అడిగినా "నీకెందుకవన్నీ, నీ మాత్రల లెక్క నువ్వు చూసుకో" అనేవాడు. తెల్లారేసరికి కాఫీ వచ్చింది.

కాఫీ తాగాక మా అత్తగారు సీతామహాలక్ష్మి గారు పూజగదిలోంచి పిలిచారు. మా ఇంట్లో ఆయుధపూజ ఘనంగా చేస్తారు. మా ఆయన కంప్యూటరుకీ, బైకుకీ, ఆవిడ కత్తిపీటకీ, చివరికి గోడకి మేకులు కొట్టే సుత్తికి కూడా పసుపు కుంకాలు పడతాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి నేను నా సీలు తెచ్చి పెట్టబోతే, "ఆడదాని ఉద్యోగానికి ఆయుధాలేంటే, నీ గరిటె పెట్టు చాలు" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత ఎప్పుడూ తేలేదు. ఆ రోజు ఆవిడ, "అరుణా, నీ సీలు కూడా తెచ్చి ఇక్కడ పెట్టమ్మా. నీకు అన్నం పెట్టేది అదేగా, అదీ ఆయుధమే" అన్నారు. అనుమానించడమే పనిగా బతికేదాన్ని, అక్కడ మాత్రం నా బుర్ర పని చెయ్యలేదు. నిజం చెప్పాలంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చాకిరీకి తప్ప నా చదువుకీ నా ఉద్యోగానికీ ఆ ఇంట్లో ఒక చోటు దొరకడం అదే మొదలు. పరుగెత్తి వెళ్ళి తెచ్చాను. ఆవిడ దాని మొహానికి తడి పసుపు రాసి, కుంకుమ పెట్టి, సుత్తి పక్కన నిలబెట్టారు. నేను దణ్ణం పెట్టుకున్నాను. పూజలో పెట్టిన ఆయుధాన్ని మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా ముట్టుకోకూడదు, కాబట్టి ఎప్పుడూ నా బ్యాగులో ఉండే సీలు ఆ రోజు అక్కడే ఉండిపోయింది. సాయంత్రం అత్తగారూ నేనూ ఖైరతాబాద్‌లో మా ఆడపడుచు హైందవి ఇంట్లో బొమ్మల కొలువుకి పేరంటానికి వెళ్ళాం. మా ఆయన తలనొప్పని రాలేదు. నేను వెళ్తూ వెళ్తూ అమృతాంజనం ఆయన చేతికిచ్చి వెళ్ళాను. అది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దసరా వెళ్ళిన మర్నాడు ఆఫీసుకి బయల్దేరుతూ బీరువాలోంచి రెండు పొట్లాలూ తీశాను. నా సంతకం ఉంది. దారం ఉంది. అలవాటు కొద్దీ లక్క మీద అచ్చు చూశాను. ఎర్రటి లక్కలో, నా సీలు అక్షరాల సందుల్లో, పసుప్పచ్చగా పొడి అంటుకుని ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. గోటితో గీకి వాసన చూశాను. పసుపే. రెండో పొట్లం మీదా అంతే. నేను వీర్రాజు ముందు సీలు వేసింది నవమికి ముందురోజు. నా సీలుకి జన్మలో పసుపు తగిలింది నవమి నాడే. మంచం మీద కూలబడ్డాను. ఇంట్లో దొంగలు పడ్డా అంత భయం వేసేది కాదేమో. హాల్లో మా ఆయన పేపరు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. పడుకునేది ఈయన పక్కనే, ఈయన కంచంలో వడ్డించేది నేనే, అనుకున్నాను.

పొట్లాలు తీసుకెళ్ళి టీపాయ్ మీద పెట్టాను. "ఎవరు విప్పారు?" అన్నాను. కాసేపు ఏదో అన్నాడు, నీ చేతికే పసుపుందేమో, నీకు పనిపిచ్చి అని. లక్క మీది పసుపు వేలు పెట్టి చూపించాను. గొంతు తగ్గించాడు.

"అరవకు. లోపల మంచి కంపెనీ సరుకు పెట్టాం. ల్యాబ్ బాగుందంటుంది, నీకూ తలనొప్పి ఉండదు. వీర్రాజు ఆ ఫ్లోరు నాకే ఇస్తానన్నాడు. ఇదంతా మనకోసమేగా?"

"ఆ పిల్లల చేతులో?"

"ఇకనుంచి మంచి సరుకే అమ్ముతానన్నాడులే."

ఈలోపు మా అత్తగారు వచ్చారు. "నాకేం తెలీదమ్మా. వాడే అన్నాడు, దాని సీలు కూడా పూజలో పెట్టించమ్మా, పాపం సంతోషిస్తుందని" అన్నారు. ఆవిడ అబద్ధం చెప్పలేదని నాకనిపించింది. మోసం కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. నేను దేనికి మొహం వాచి ఉన్నానో ఆయనకి బాగా తెలుసు. తెలిసి ఇన్నేళ్ళూ పెట్టనివాడు, అవసరం పడ్డప్పుడు దాన్నే ఎరగా వేశాడు.

నేను కదలకపోయేసరికి ఆయన అసలు మాట తీశాడు. "సరే, వెళ్ళి చెప్పు. శాంపిల్ ఇంటికెందుకు తీసుకెళ్ళావని నిన్నే అడుగుతారు. మీ కామరాజు నేను తీసుకెళ్ళమన్నానంటాడా? పోయేది నీ ఉద్యోగం. తర్వాత ఇంట్లో కూర్చుని ఆయుధపూజ చేసుకుందువుగాని."

అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. బాల్కనీలోకి వెళ్ళి ఉమైరాకి ఫోన్ చేశాను. ఆ డబ్బా ఇంకా ఉందా అని అడిగాను. "ఉన్నది మేడం. నా అల్మారల పెట్టి తాళమేసిన. వీర్రాజు మనిషొచ్చి వాపస్ ఇయ్యమన్నడు, నేను ఇయ్యలే" అంది. పాప ఎలా ఉందని అడిగాను. "చెయ్యి కోసి చీము తీసిండ్రు. జ్వరం ఇంక తగ్గలే" అంది. ఆ డబ్బాలోంచి మళ్ళీ శాంపిల్ తీసుకోవచ్చు. కానీ కోర్టులో వీర్రాజు లాయరు వేసే మొదటి ప్రశ్న, ముందు తీసిన శాంపిల్ ఏమైందమ్మా అని. నేను నోరు మూసుకుంటే కేసు అక్కడే పోతుంది. చెప్తే నా ఉద్యోగం పోవచ్చు. ఇంటి సంగతి నేనిక ఆలోచించలేదు. చీరల మీద పసుపు పడితే ఏం చెయ్యాలో మా అమ్మ నేర్పింది గానీ దీనికి మందు ఎవరూ నేర్పలేదు. భయంగానే ఉంది. అయినా వెళ్ళి ఎదురు ఫ్లాటు తలుపు కొట్టాను.

వజీరున్నీసా, ఆమె భర్త బాబూ మియా ఇద్దరూ వచ్చారు. ఆయన పంజాగుట్టలో టైలరు. "ఏమైంది అరుణమ్మా, మొహం గట్ల అయింది?" అంది ఆమె. సాక్షులుగా ఉండాలి, నేను రాసింది విని సంతకం పెట్టాలి, అని చెప్పాను. బాబూ మియా గుమ్మంలోనే ఆగిపోయాడు. "మియా బీవీ నడుమల మేమెందుకు బేటీ?" అన్నాడు. "ఇది మొగుడూ పెళ్ళాల గొడవ కాదు బాబాయ్. సర్కారు సీలు పగిలింది" అన్నాను. వజీరున్నీసా ఆయన చొక్కా పట్టుకుని లోపలికి లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

డైనింగ్ టేబుల్ మీద కంచాలు పక్కకి జరిపి, ఏ షాపులోనైనా రాసినట్టే పంచనామా రాశాను. మొదటి వాక్యం నా మీదే. రూలుకి విరుద్ధంగా శాంపిల్ ఇంటికి తెచ్చింది నేనే, తెమ్మన్నది కామరాజు గారు, అని. తర్వాత నవమి, పూజ, పసుపు, లక్క. మా ఆయన ముందు నవ్వాడు, తర్వాత తిట్టాడు, ఆఖరికి "అరుణా, ప్లీజ్" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. మా అత్తగారు నా భుజం పట్టుకుని, "దొంగలెవరో అని రాయవే. వాడి పేరు రాయకే. ఇంటి పరువు" అన్నారు.

రాసింది సాక్షులకి చదివి వినిపించాలి. లేచి నిలబడి చదవడం మొదలుపెట్టాను. ఆ ఇంట్లో నేనెప్పుడూ మా ఆయన పేరు పలకలేదు. పెళ్ళాం పేరు పెట్టి పిలిస్తే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని మా అత్తగారి నమ్మకం. వచ్చిన కొత్తలో ఒకసారి నోరు జారితే ఆవిడ దేవుడి దగ్గర దీపం వెలిగించి నా చేత లెంపలు వేయించారు. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి ఆవిడకి ముందే తెలిసిపోయింది. "వద్దే, వద్దు, నీకు దణ్ణం పెడతా" అంటూ రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. పంజాగుట్టలో చెయ్యి కోయించుకున్న పాపకి ఇంకా జ్వరం తగ్గలేదు.

"సీలు పగలగొట్టి సరుకు మార్చిన వ్యక్తి, వంశీకృష్ణ" అని ఆవిడకి వినపడేంత గట్టిగా చదివాను.