ఎలా ఉందో చెప్పే మాటలు

“పొట్టిది,” అంది అత్తగారు పొకువా, పెట్టె పట్టుకుని గేటు దాటి వస్తున్న కోడల్ని ఎగాదిగా చూసి. కుమాసిలో కాపురానికి వచ్చిన రోజున ఆ ఊరి భాష ట్వీలో సెనామ్ చెవిన పడ్డ మొదటి మాట అదే. తియా. పలకడానికి ముద్దుగా ఉందని సెనామ్ తనూ ఒకసారి ఆ మాట అని నవ్వింది. వాకిట్లో ఉన్న ఆడవాళ్ళంతా ఒకళ్ళమీద ఒకళ్ళు పడి నవ్వారు. పక్కనే ఉన్న భర్త బొవాచి కూడా నవ్వాడు. అర్థం తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది. తెలిశాక ఆ రోజు నవ్వినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

పుస్తకం చూసి ట్వీ నేర్చుకునేవాళ్ళకి విశేషణాల పాఠం వేరేగా ఉంటుందట. చెట్టు పొడవు, ఇల్లు పెద్దది, పిల్లి నల్లది, ఇలా మర్యాదగా సాగుతుందట. సెనామ్‌కి చెట్టుదాకా, పిల్లిదాకా పోయే అవసరం రాలేదు. ఉన్న మాటలన్నీ వెతుక్కుంటూ వచ్చి ఆవిడమీదే వాలాయి. సాయంత్రాలు కర్రపెండలం, అరటికాయ ఉడకబెట్టి రోట్లో వేస్తే, అత్తగారు పీట మీద కూర్చుని ఫూఫూ ముద్దని చేత్తో తిప్పేది, సెనామ్ నిలబడి పొడుగాటి రోకలితో దంచేది. రెండు పోట్లకి మధ్య ఆ చెయ్యి రోట్లోకి వచ్చి పోతూ ఉంటుంది, తాళం తప్పితే వేళ్ళు నలిగిపోతాయి. తన వేళ్ళు కోడలి రోకలి కింద పెట్టి మరీ కోడల్ని సాధించే ధైర్యం పొకువాకే చెల్లింది. “మందకొడి. గట్టిగా ఉంది. ఇంకా ఉండలుగానే ఉంది. మీ వాళ్ళకి ఫూఫూ ఏం తెలుసులే.” పులుసు పోస్తే పల్చన. మర్నాడు చిక్కగా చేస్తే, ఉప్పన. అలా రోజుకో మాట, కొన్ని రోజులు రెండు.

పెళ్ళయిన మొదటి పదేళ్ళూ వాళ్ళు సెనామ్ పుట్టిన వైపు, హో పట్టణంలో ఉన్నారు. బొవాచి అక్కడ అటవీ శాఖలో గుమాస్తా. ఆ పదేళ్ళలో అతనికి ఎవె భాష ఒక్క ముక్క రాలేదు. “మీ భాష నాకు నోరు తిరగదే బాబూ,” అనేవాడు, సెనామ్ పుట్టింటివాళ్ళు మురిసిపోయి, పాపం అల్లుడితో ఇంగ్లీషులో మాట్లాడటానికి వాళ్ళే తంటాలు పడేవాళ్ళు. కుమాసికి బదిలీ అయ్యాక, ఏడాది తిరక్కుండానే అదే మనిషి, “నీకు రాక కాదు, నీకిష్టం లేదు. ఇష్టముంటే ఈపాటికి గడగడా మాట్లాడేదానివి,” అన్నాడు. మొగుడికి భాష రాకపోతే ముచ్చట, పెళ్ళానికి రాకపోతే పొగరు. సెనామ్‌కి ఈ సంగతి అప్పటికప్పుడు తట్టలేదు, తట్టేసరికి అతను ఆఫీసుకి వెళ్ళిపోయాడు. ఆమెకి జవాబులెప్పుడూ అలా ఆలస్యంగానే వస్తాయి.

నిజానికి ఆమె నేర్చుకుంటూనే ఉంది. వరండాలో కుట్టుమిషను పెట్టుకుంది. అక్కడి అసాంటే జనం చావు తంతులు శనివారాలు ఎర్ర, నల్ల బట్టల్లో జరుపుతారు, అవి ఉన్నంత కాలం దర్జీకి పనికి లోటు లేదు. ఎర్రగుడ్డ తెచ్చేవాళ్ళు కొందరు, నల్లగుడ్డ తెచ్చేవాళ్ళు కొందరు. నలుపు తుంతుం, పొడవు టెంటెన్. మద్దెల మీద వేలితో కొట్టినట్టుండే ఆ మాటలు మిషను తొక్కుతూ లోలోపల అనుకునేది. నడుం దగ్గర బిగుతు, చంక కింద వదులు, అంచు వంకర, గుడ్డ పాతది, బొత్తాలు కొత్తవి. ఇంటివాళ్ళవి, ఇంటివాళ్ళ చుట్టాలవి ఊరికే కుట్టేది. “మన గుడ్డలకి మనకి కూలేంటి?” అనేది అత్తగారు. “మన” అన్న మాట సెనామ్‌ని కలుపుకుని వినబడేది ఆ ఒక్క సందర్భంలోనే.

అలా ఒక వస్తువు ఎలా ఉందో చెప్పడం సెనామ్‌కి బాగా వచ్చింది. ఎవరు ఎవర్ని ఏం చేశారో చెప్పడం మాత్రం రాలేదు. క్రియలు వచ్చినవి వచ్చినట్టు ఆజ్ఞలే. రా, పో, తే, ఊడ్చు, కడుగు. నేను వద్దన్నాను, వాళ్ళు వినలేదు, అనేటంత వాక్యం ఆమెతో ఎవరూ అనలేదు, ఇక ఎక్కడ నేర్చుకుంటుంది?

ఆ వాక్యం అవసరమైన రోజు రానే వచ్చింది. తొమ్మిదేళ్ళ కూతురు అకువాని సెలవులకని బొవాచి అక్క సర్వా ఒబువాసికి తీసుకెళ్ళింది. సర్వాకి అక్కడ హోటలుంది, మొగుడు వదిలేసి పోయాక ఒంటిచేత్తో నడుపుతోంది. ఆమెకున్న ఇద్దరూ మగపిల్లలే. సెలవులైపోయాయి. అకువా రాలేదు. అక్కడే బళ్ళో వేశామని బొవాచి అన్నం తింటూ చెప్పాడు, వాన పడేలా ఉందని చెప్పినంత తేలిగ్గా.

“నన్ను అడగలేదేం?”

“అడగడానికేముంది? అక్క పరాయిదా? ఇక్కడుంటే నీతో ఎవెలో మాట్లాడి మాట్లాడి పిల్ల నాలుక మొద్దుబారిపోతోందని అమ్మ బాధపడుతోంది. నీకు భాష వచ్చాక తీసుకొద్దాంలే.”

అత్తగారు లోపలినుంచి అందుకుంది. “నన్నూ ఆ వయసులో మా మేనత్త దగ్గరికి పంపారు. చచ్చానా?”

ఆదివారం సెనామ్ ట్రోట్రో వ్యాను ఎక్కి ఒబువాసి వెళ్ళింది. హోటలు వెనక పెద్ద మసిగిన్నెలో సగం దూరి తోముతున్న పిల్లని వెనకనుంచి చూసి పనిపిల్ల అనుకుంది. ఆ పిల్ల తల బయటికి తీసింది. అకువా. బుగ్గలు లేవు. పరిగెత్తుకొచ్చి కావలించుకుంటుందనుకుని సెనామ్ చేతులు చాచింది. ఇంతలో లోపలినుంచి సర్వా, “ఎవరో వచ్చినట్టున్నారే, మర్యాద లేదూ?” అని కేకేసింది. అకువా ఆగిపోయింది. చేతులు తుడుచుకుంది. కుర్చీ తెచ్చి వేసింది. గ్లాసుతో నీళ్ళు తెచ్చి, ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకుని, కుడిచేత్తో అందించి, మోకాళ్ళు కాస్త వంచి, ట్వీలో అడిగింది: “మీరు వచ్చిన పనేంటి?”

ఇంటికొచ్చిన అతిథిని ఎవరైనా అలాగే అడుగుతారు, అందులో తప్పు లేదు. ఆ పిల్ల మర్యాదకి సర్వా మురిసిపోయింది. సెనామ్ ఆ నీళ్ళు తాగింది. తాగకపోతే పిల్లకి తిట్లు పడతాయి. తాగినంతసేపూ గ్లాసు అందించిన ఆ వేళ్ళనే చూసింది, బూడిదకీ సబ్బుకీ నాని, చివర్లు పగిలి ఉన్నాయి. ఎవెలో అడిగితే అకువా ట్వీలో జవాబిచ్చింది, తలుపువైపు చూస్తూ. తను కుట్టి తెచ్చిన గౌను తొడిగి చూస్తే భుజాలనుంచి జారిపోయింది. కొలతలు సెనామ్‌కి కంఠతా వచ్చు. కన్నకూతురి కొలత తప్పేంత దర్జీ కాదామె. తిరుగు ప్రయాణంలో పక్కనున్నావిడ ఏడవకమ్మా ఏడవకమ్మా అంటూనే ఉంది, సెనామ్ ఏడుస్తూనే ఉంది.

ఆ వారమే, ఎవరికీ చెప్పకుండా, ఆచారం ప్రకారం ఒక జిన్ను సారా సీసా పట్టుకుని బొవాచి మేనమామ దగ్గరికి వెళ్ళింది. ఆ వంశానికి పెద్ద ఆయనే. తగువు ఎవరిదైనా ఆయన ముందుకే రావాలి, కోడలిదైనా సరే. సీసా ఆయన కాళ్ళ దగ్గర పెట్టి నోరు తెరిస్తే, ఉన్న మాటలే వచ్చాయి. “పెద్దయ్యా, ఇల్లు ఖాళీ. నా పాప సన్నం. చేతులు గరుకు. గౌను వదులు.” ఇంకేదైనా ఉందేమోనని లోపలంతా వెతుక్కుంది. “గౌను చాలా వదులు,” అని మళ్ళీ అంది. ఆయన మంచాయన. జాలిపడి, వచ్చే ఆదివారం అందర్నీ కూర్చోబెడతానన్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక అందరూ ఆయన వాకిట్లో చేరారు. తెలుపూ నలుపూ గుడ్డల్లో పెద్దలు, అందులో సగంమంది ఒంటిమీద ఉన్నవి సెనామ్ కుట్టినవే. ఎవరికి ఎక్కడ బిగుతో కూర్చున్నచోటునుంచే చెప్పగలదు. బొవాచి తలదించుకుని, ఆఫీసులో పై అధికారి ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు. కోడలి మాటలు పెద్దలకి ఎవరు చెప్తారని ప్రశ్న వస్తే సర్వా లేచింది. “నేనున్నాగా! దాని ఇంగ్లీషు నాకు బాగా తెలుసు. నాకు పరాయిదా ఏంటి?” పిల్లని తీసుకుపోయిన మనిషే పిల్ల తల్లికి నోరైంది. అది ఒక్కరికీ వింతగా తోచలేదు.

“నా కూతురు చిక్కిపోయింది,” అంది సెనామ్ ఇంగ్లీషులో.

“పిల్ల నాజూగ్గా తయారైందంటోంది,” అంది సర్వా ట్వీలో.

సెనామ్ ఉలిక్కిపడింది. ఇన్నాళ్ళూ తనకి రాదనుకున్న భాష ఆ క్షణాన ముక్క ముక్కా విడివిడిగా వినిపించింది. నాజూకు అన్న మాట ఆమె రోజూ వింటుంది, గౌను నడుం దగ్గర బిగించి కుట్టమనే పడుచుపిల్లలు అనే మాటే అది.

“చేతులు పగిలిపోయాయి.”

“చేతులు గట్టిపడ్డాయట.”

“గట్టి చేతులు మంచివేగా,” అన్నాడొక ముసలాయన సంతోషంగా.

“నన్ను అడక్కుండా నా బిడ్డని తీసుకుపోయారు. నాకు నిద్ర లేదు. తిండి సయించదు. నా బిడ్డ నాకు కావాలి.”

సర్వా పెద్దలవైపు తిరిగింది. ఆమె కళ్ళ కింద కూడా నలుపుంది. తెల్లవారకముందే లేచి కుండలెత్తే మనిషి, అకువా వచ్చాకే కాస్త నడుం వాల్చగలుగుతోంది, ఆ సుఖం వదులుకోవడం ఆమెవల్లా కాదు. “ముందుగా ఒక మాట అడిగుంటే బావుండేదని చిన్న బాధట,” అంది. “అంతే.”

“చిన్నది కాదు!” సెనామ్ ట్వీలో అంటూ లేచి నిలబడింది. “పెద్దది! పెద్దది!” చేతులు బారలు చాపి చూపించింది. ఎవరో కిసుక్కుమన్నారు. పొట్టి మనిషి చేతులు చాపితే ఎంత పెద్దది తెలుస్తుంది? ఇంకేం అనాలో తెలియక అలాగే నిలబడింది. బొవాచి ఇంగ్లీషులో, పళ్ళ బిగువున, “కూర్చో. పరువు తియ్యకు,” అన్నాడు. కూర్చుంది.

పెద్దలు పక్కకి వెళ్ళి మాట్లాడుకుని వచ్చారు. పెద్దయ్య గొంతు సవరించుకున్నాడు. “మన లెక్కలో పిల్లలు తల్లి వంశానికి చెందుతారు. తల్లినడక్కుండా పిల్లని పంపడం తప్పు. బొవాచీ, తప్పు నీది.” సెనామ్ గుండె ఒక్కసారి పైకి లేచింది. “కానీ ఈ తల్లికి మనలో వంశం లేదు. వాళ్ళ లెక్కలో పిల్ల తండ్రిది. అంటే ఆ పిల్లకి నావాళ్ళనుకోవడానికి అటూ ఎవరూ లేరు, ఇటూ ఎవరూ లేరు. పాపం, దానికున్నది సర్వా ఒక్కతే. పిల్ల అక్కడే పెరుగుతుంది. బొవాచి భార్యకి ఒక కొత్త గుడ్డ, గుడ్లు ఇచ్చి ఆవిడ మనసు సమాధానపరచాలి.”

గుడ్డ ముందే కొనిపెట్టి ఉంది. ఆరు గజాలు, నీలం పూలు. అది కూడా తనే కుట్టుకోవాలి. సెనామ్ ఒళ్ళో దాన్ని పెట్టి, దానిమీద గుడ్ల గిన్నె పెట్టారు. గుడ్లు దొర్లకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. ఇక ఆమె చేతులు దేనికీ ఖాళీ లేవు. బిడ్డని అడగడానికి వచ్చి ఒళ్ళో గుడ్లతో కూర్చుంది. వాళ్ళెవరూ దుర్మార్గులు కారు, అదే ఆమె ప్రాణానికొచ్చింది. అరిచే మనుషులైతే తనూ అరిచేది. వీళ్ళు జాలిగా, మర్యాదగా, న్యాయంగా మాట్లాడుతూ తన పిల్లని తనకి లేకుండా చేశారు.

పెద్దయ్య జిన్ను సీసా మూత తీసి, పోయిన పెద్దల పేరున కాస్త నేలమీద వంచి, చిన్న గ్లాసులో పోశాడు. అత్తగారు వచ్చి గుడ్ల గిన్నె పక్కకి తీసింది. గ్లాసు సెనామ్ చేతికొచ్చింది. ఆ గుక్క లోపలికి వెళ్తే తగువు ముగిసినట్టు. ఆ తర్వాత ఎవరూ ఎత్తకూడదు, ఎత్తినవాళ్ళదే తప్పు. తాగేముందు అడిగే ప్రశ్న ఒకటుంది, పెద్దయ్య అడిగాడు.

“అమ్మాయీ, నీ గుండె చల్లగా ఉందా?”

సర్వా ఇంగ్లీషులో చెప్పబోతే సెనామ్ చెయ్యెత్తి ఆపింది.

“వేడి,” అంది ట్వీలో.

అందరూ ఒకేసారి నవ్వారు, ముద్దుగా, తప్పటడుగు వేసిన పసిపిల్లని చూసి నవ్వినట్టు. “చల్లగా అనబోయి వేడి అంది పాపం,” అంది సర్వా కళ్ళు తుడుచుకుంటూ. “భాష ఇంకా తడబడుతోంది. చల్లగానే ఉందట పెద్దయ్యా, తాగేస్తుంది.” బొవాచి ఊపిరి పీల్చుకున్నాడు. “అవునవును, చల్లగానే,” అన్నాడు. పెద్దయ్య పిల్లలకి చెప్పినట్టు, ఒక్కో అక్షరం నొక్కుతూ, “చల్లగా అనాలమ్మా. ఏదీ, అను. చ-ల్ల-గా,” అన్నాడు.

సెనామ్ గ్లాసుని చాప మీద పెట్టింది. తను ఇప్పుడు ఏమన్నా దానివల్ల ఏమీ కాదని తెలుసు. సాయంత్రం బండికి సర్వా ఒబువాసి వెళ్ళిపోతుంది, అక్కడ గిన్నెలు నానుతూ ఉంటాయి.

“ఆ మాట కూడా నాకు వచ్చు పెద్దయ్యా,” అంది ట్వీలోనే. “వేడి అనే అన్నాను.”