పేరు కొట్టించిన గ్లాసు

అంట్లన్నీ అయ్యాక, చివర్లో నా గ్లాసు తోముతాను. దానికి పీచు వేరు, సబ్బు వేరు. తోమి, మిగతా సామానుకు తగలకుండా కిటికీ గట్టు మీద బోర్లిస్తాను. పెళ్ళయిన కొత్తలో ఇలా లేదు. నా ఉద్యోగమేమిటో బీరంగూడలోని ఈ ఇంటికి అర్థమయ్యాక మొదలైంది. "గసుంటోళ్ళ నడుమకెల్లి ఒస్తున్నవ్, తానం జేసినంకనే వంటింట్లకు రా," అంది మా అత్తమ్మ ఇందిరమ్మ. మర్నాడు సజ్జ మీది నుంచి ఒక స్టీలు గ్లాసు దించి, "ఇగ నువ్వు దీంట్ల తాగు," అంది. దాని మీద చుక్కల అక్షరాలతో 'నర్సింహ' అని కొట్టి ఉంది. ఎవరని మా ఆయన శివకుమార్‌ని అడిగితే, ఫోన్లోంచి తల ఎత్తకుండా, "ఎవరో సుట్టమోడు పెట్టిండు తియ్యి," అన్నాడు. మన ఇళ్ళలో స్టీలు సామాను మీద ఉండేవి పెట్టినవాళ్ళ పేర్లే కదా. నమ్మాను.

నేను డాక్టరేటు చేసింది హెచ్ఐవీ రాకుండా చూడటం మీద. నా పనంతా మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళతో. పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తూ, ఒక్కో గదిలో నలుగురైదుగురు కిరాయికుండేవాళ్ళు పరీక్షకు ఎందుకు రారు, ఒకసారి వచ్చినవాళ్ళు మళ్ళీ ఎందుకు కనిపించరు, జబ్బు రాకుండా ముందుగానే వేసుకునే మాత్రలు ఇస్తే గదిలో ఎక్కడ దాచుకుంటారు, ఇవీ నేను తెలుసుకునే సంగతులు. ప్రతి శిక్షణలోనూ నేను మొదట చెప్పే మాట, గ్లాసుతో రాదు, కంచంతో రాదు, పక్కన కూర్చుంటే రాదు. ఆ మాట చెప్పి ఇంటికొచ్చి నా గ్లాసు వేరుగా తోముకుంటాను. గొడవ పడొచ్చు. కాని పొద్దున్నే రెండు బాక్సులు సర్ది, అత్తమ్మకు జావ కాచి, బట్టలు ఆరేసి, బస్సు అందుకుని, సాయంత్రం అదంతా మళ్ళీ వెనక నుంచి మొదలుపెట్టే మనిషికి గొడవ పడే ఓపిక ఎక్కడిది? ఇంట్లో శాంతి కోసమని సర్దిచెప్పుకుంటాను గాని అది శాంతి కాదు, అలసట.

ఆఫీసులో నా గ్లాసు నలుగురితో పాటే ఉంటుంది. అక్కడి లెక్క వేరు. మీటింగుల్లో చాయ్ సమోసాలు చెప్పే పని నాది, నేను రాసిన ఫలితాలు వేదిక ఎక్కి చదివే పని మా పెద్దసారుది. "ఆడమనిషివై ఉండి ఇవన్నీ సిగ్గు లేకుండా ఎట్లా అడుగుతావమ్మా," అని ఆయన నలుగురిలో నవ్వుతారు. నేను సిగ్గు లేకుండా అడిగి రాబట్టిన జవాబుల్ని ఆయన సిగ్గు పడకుండా తన పేరున వేసుకుంటారు.

కాలనీలో మాత్రం నా పని షుగర్ జబ్బు మీద. అలా అని ప్రచారం చేసింది శివకుమారే. పక్కింటి అరుణమ్మ గోడ మీంచి తొంగి చూసి, కాకరకాయ రసం పరగడుపున తాగాలా, తిన్నాక తాగాలా అని అడుగుతుంది. నాకేం తెలుసు? తెలిసినట్టే చెప్తాను. నా దగ్గరికొచ్చే కుర్రాళ్ళు దొంగ పేర్లు చెప్తారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. చదువుకుని, జీతం తెచ్చుకుంటూ, నేను దొంగ పని చెప్పుకుని బతకడమే మింగుడుపడదు.

ఈ వారం పెద్దసారు రిటైరయ్యారు. ప్రాజెక్టు నా చేతికిస్తామని, శనివారం సాయంత్రంలోగా ఒప్పుకున్నదీ లేనిదీ రాయమని మెయిల్ వచ్చింది. పేపర్లో పేరూ ఫోటో కూడా వస్తాయి. ఆ శనివారం పొద్దున శివకుమార్ డ్యూటీకి బూట్లు వేసుకుంటూ అన్నాడు. "పేపర్ల నీ ఫోటో, దాని కింద గా ముచ్చట. ప్లాంటుల నా మొఖం యాడ పెట్టుకోవాలె? మీ ఆఫీసుల నిజంగనే షుగర్ ప్రాజెక్టున్నదంటివి గద, దాంట్లకు మారు. నేనొచ్చేలోపు వద్దని పెట్టెయ్యి."

బాక్సు మూత బిగించి చేతికిచ్చాను. ఆయన వెళ్ళాక ల్యాప్‌టాప్ తెరిచి, వద్దని సగం మెయిల్ రాశాను కూడా. కుటుంబ కారణాల వల్ల, అన్న మాట దగ్గర చార్జింగ్ అయిపోయింది. చార్జరు పటాన్‌చెరులోని మా టెస్టింగ్ సెంటర్లో మర్చిపోయానని అప్పుడు గుర్తొచ్చి, అక్కడ పనిచేసే కుమార్‌కు ఫోన్ చేశాను.

కుమార్ మా సెంటర్లో కౌన్సెలర్. నలభై దాటినవాడు, మందుల కంపెనీలో ప్యాకింగ్ పని మాని ఇందులోకి వచ్చాడు. అతనూ మగవాణ్ణే ప్రేమించినవాడు, దాచుకోడు. చార్జరు పట్టుకుని బండి మీద వచ్చి, ఎండకు మొహం తుడుచుకుంటూ, "మేడమ్, జెర మంచినీళ్ళు," అన్నాడు. నేను అందరి గ్లాసుల్లోంచి ఒకటి తీయబోయాను. ఇందిరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, కళ్ళతోనే కిటికీ గట్టు చూపించింది. బయట మనిషి ముందు రచ్చ ఎందుకని ఆ గ్లాసులోనే ఇచ్చాను.

కుమార్ తాగి, గ్లాసు తిప్పి చూసి నవ్వాడు. "మా ఇంట్ల గుడ గిసుంటి గ్లాసున్నది మేడమ్. నా పేరు కొట్టిచ్చిండ్రు."

"పెండ్లికి ఎవరికన్న పెట్టినవా?"

"నేనెవరికి పెట్టలే. మా అమ్మనే కొట్టిచ్చింది, వేరేటోళ్ళ గ్లాసులల్ల కలవొద్దని. నాకు జబ్బు గుడ లేదు. నేనెసుంటోన్నో తెల్సిన నాడే కొట్టిచ్చుకొచ్చింది." మామూలుగానే చెప్పి, చార్జరు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. పెట్టినవాళ్ళ పేరైతే ఊరో, పెళ్ళి తారీఖో కూడా ఉండేవి. దీని మీద ఒట్టి పేరే ఉంది. వంటింటి గడపలో అత్తమ్మ గోడకు ఆనుకుని ఉంది. ఆమె అంతా విన్నది.

"అత్తమ్మా, నర్సింహ ఎవరు?"

ఆమె అక్కడే కింద కూర్చుంది. "మా తమ్ముడు," అంది.

శివకుమార్‌కు చిన్నమామ. పచ్చకామెర్లతో పోయాడని విన్నాను. ఆ మనిషి ఫోటో కూడా ఇంట్లో లేదు. అందరూ చిన్నమామ అనే అనడంతో అసలు పేరు నా దాకా రానే లేదు.

"అమ్మ సచ్చిపోతే నేనే సాదిన ఆన్ని. పటాన్‌చెరుల పనికి కుదిరిండు. ఒక బీహారు పిలగాడు దోస్తు, ఇద్దరు ఒక్క రూముల ఉండిరి. నాకు సమజ్ కాలే. కావొద్దనే అనుకున్న. నువ్వు జెప్పే గా బీమారొచ్చినంక భానూర్ల మన పాత ఇంటికి తోలుకొచ్చుకున్న. అంటుకుంటదని మీ మామ గ్లాసు మీద పేరు కొట్టిచ్చుకొచ్చిండు. నా తమ్ముడు ఆ పేరు సదివిండు. ఏమన్లే. అప్పటికెల్లి నీళ్ళడుగుడు బంద్ జేసిండు. నేనిస్తేనే తాగిండు, అడగలే. గా దోస్తు సూడొస్తే వాకిట్లకెల్లే ఎల్లగొట్టిన బిడ్డా."

"మరి గా గ్లాసు నాకెందుకిచ్చినవ్?"

"భయమైంది. ఇంకో గ్లాసు మీద పేరు కొట్టియ్య మనసొప్పలే. ఉన్నదాన్నే ఇచ్చిన."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు జాలి రాలేదు, కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ ఈవిడ భయాన్ని రోజూ తోమి బోర్లించింది నేను. ఇప్పుడు ఓదార్చాల్సిందీ నేనేనా? ఓదార్చలేదు. చార్జరు పెట్టి ల్యాప్‌టాప్ తెరిచాను. కుటుంబ కారణాల వల్ల అన్న మాట ఇంకా అక్కడే ఉంది. తుడిపేసి, ఒప్పుకుంటున్నానని రాసి, కింద నా పేరు పెట్టి పంపాను. తర్వాత అత్తమ్మకు మంచినీళ్ళు తెచ్చిచ్చాను. ఏ గ్లాసులో తెచ్చానో ఆమె చూసింది. రెండు చేతులతో అందుకుని, మెల్లగా తాగింది.

సాయంత్రం శివకుమార్ వచ్చి సోఫాలో కూర్చుంటూనే, "మెయిల్ పెట్టినవా?" అన్నాడు.

"పెట్టిన," అని చాయ్ ఇచ్చాను.

అందుకోబోయిన చెయ్యి మధ్యలో ఆగింది. "గీ గ్లాసుల పోసినవేంది? గిది..."

"గిది? ఎవరో సుట్టమోడు పెట్టిందే గద."

ఆయన తల్లి వైపు చూశాడు. ఆమె తల దించుకోలేదు.

"ప్రాజెక్టుకు ఒప్పుకున్న. పేపర్ల పేరొస్తది. ఇగ ఎవరడిగినా షుగర్ అని చెప్పకు," అన్నాను. ఆయన చేతిని పట్టి, గ్లాసు అందులో పెట్టాను. "చాయ్ తాగు, సల్లారుతది. మీ చిన్నమామ గ్లాసే."