పాత కెర్నల్ సోర్సు పోయిన మధ్యాహ్నం

అంధుల బడిలో కంప్యూటర్ గది మామయ్య సామ్రాజ్యం. పాతికేళ్లు ఒంటిచేత్తో ఏలారు. ఆయనకి పక్షవాతం వచ్చాక ఆ ఉద్యోగం కోడలి మీద పడింది. ఏ సందేహం వచ్చినా ఆయన్ని అడగమని అందరూ చెప్పారు. ఈ మహాతల్లి మూడు నెలల్లో ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. చేతకానిదనుకుంటారని భయం.

రేపు పరీక్ష. ప్రశ్నపత్రాలు బ్రెయిలీలో అచ్చు కావాలి. ఆ ప్రింటరేమో మొండి ఘటం, కంప్యూటర్‌ని లోపలినుంచి నడిపే ఒకే ఒక్క పాత కెర్నల్‌తో తప్ప పని చేయదు. ఆ కెర్నల్ సోర్సులో, అంటే దాన్ని తయారుచేసే మూల ఫైళ్లలో, మామయ్య ప్రింటర్ కోసం కొన్ని లైన్లు చేత్తో మార్చారు. పొద్దున ప్రింటర్ కార్డు మార్చడంతో ఆ కెర్నల్‌ని ఆ ఫైళ్ల నుంచి మళ్లీ బిల్డ్ చేయాల్సి వచ్చింది. చూస్తే డిస్కులో చోటు లేదు.

అక్కర్లేని పాతవన్నీ తీసెయ్యమని, ప్రోగ్రాములు తెచ్చిపెట్టే సాఫ్ట్‌వేర్ అయిన ప్యాకేజీ మేనేజర్‌కి చెప్పింది. ఉంచాల్సినవాటి జాబితాలో కెర్నల్ సోర్సు పేరు తనే రాసిందిగా, ఇంకేం భయమనుకుంది. పేరు రాసింది గానీ వెర్షన్ నంబరు రాయలేదు. పేరొక్కటే ఉంటే అది కొత్తదాన్ని ఉంచుకుని పాతవాటిని ఊడ్చేస్తుందని, పాతదాని నంబరు తెర మీద జారిపోతుంటే అర్థమైంది. పై ప్రాణాలు పైనే పోయాయి.

హెడ్‌మిస్ట్రెస్ గుమ్మంలోంచి తొంగి చూసింది. "ఎంతవరకు వచ్చిందమ్మా? అయిదింటికల్లా కవర్లకి సీలు వెయ్యాలి."

"అయిపోతుంది మేడం." అప్పటికే రెండు దాటింది. ఇక దిక్కులేక ఇంటికి ఫోన్ చేసింది. అత్తయ్య ఫోను తీసి ఆయన చెవి దగ్గర పెట్టింది.

"మామయ్యా, మీ పాత కెర్నల్ సోర్సు తుడిచేశాను." ఒక్క గుక్కలో చెప్పేసి కళ్లు మూసుకుంది.

ఆయనకి ఇప్పుడు మాట కూడదీసుకోవడానికి సమయం పడుతుంది. ఆ కాసేపట్లో ఆమె ఉద్యోగం పోయినట్టు, పిల్లలు ఖాళీ చేతులతో కూర్చున్నట్టు ఊహించేసుకుంది.

"నేనూ... తుడిచా. రెండుసార్లు. ఫోల్డర్... చూశావా?"

చూడలేదు. ఖాళీగా కనబడితే తట్టుకోలేనని చూడలేదు. ఇప్పుడు తెరిచింది. వేల ఫైళ్లుండాల్సిన చోట ఒక్కటే మిగిలింది, ఆయన మార్చిన ఫైలు. ప్యాకేజీ మేనేజర్ తను తెచ్చినవి తెచ్చినట్టు ఉంటేనే తీసేస్తుంది, మనిషి చెయ్యి పడినదాని జోలికి పోదు.

"ముందు దాన్ని... పక్కన పెట్టు. లేకపోతే... కొత్తది దాని మీద పడుద్ది."

ఫైలు వేరే చోట దాచింది. ఈసారి నంబరుతో సహా రాసి సోర్సు తెప్పించి, ఆయన ఫైలు తిరిగి దాని స్థానంలో పెట్టింది. బిల్డ్ అయి ప్రింటర్ కదిలేసరికి మూడున్నర. మొదటి కాగితం మీద చుక్కలు వేళ్లతో తడిమి చూసుకుంటే ఏడుపొచ్చింది.

"ఉంటా... మరి" అన్నారాయన. ఇంతసేపూ ఫోన్ పెట్టెయ్యలేదు.

"ఉండండి మామయ్యా. ఈ గదిలో మీరింకా ఏమేం పాడుచేశారో చెప్పండి."

అవతల నుంచి నవ్వులాంటిది వినిపించింది.

"చాలా... ఉన్నాయమ్మా."

ఆమె పెన్ను తీసుకుంది.